నవలకూ ఒక స్లాబు కావాలి

తెలుగులో సాహిత్య విమర్శకు దిక్కులేకుండా పోయిందని బాధపడేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇరవై రెండేళ్లుగా ఆదివారం పేజీలకు పుస్తక సమీక్షలు రాస్తున్నాను కాబట్టి ఆ దిక్కులేనితనంలో నా వాటా కూడా కొంత ఉంది. అయితే ఇప్పుడు దిక్కు దొరికింది. యూనివర్సిటీల్లోనో అకాడమీల్లోనో కాదు, రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో.

2024 డిసెంబర్ 21న అక్కడ జీఎస్టీ కౌన్సిల్ 55వ సమావేశం జరిగింది. కేంద్ర ఆర్థిక మంత్రి, రాష్ట్రాల మంత్రులు కూర్చుని ఇతర విషయాలతో పాటు పాప్‌కార్న్ సంగతి తేల్చారు. అప్పటి తీర్పు ప్రకారం ఉప్పూ కారం చల్లి విడిగా అమ్మితే నమ్‌కీన్ కింద లెక్క, 5 శాతం. దాన్నే ప్యాకెట్లో పెట్టి పేరేసి అమ్మితే 12. క్యారమెల్ పట్టిస్తే దాని స్వభావమే మారిపోయి మిఠాయి అవుతుంది కాబట్టి 18. జనం నవ్వుకున్నారు, మీమ్స్ చేసుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తీపి ఎక్కువైతే స్వభావం మారిపోతుందని అంత ధైర్యంగా తేల్చి చెప్పిన సమీక్షకుడు మాలో ఎవడున్నాడు? నిలువునా పాకంలో ముంచి తీసిన నవలను కూడా మేం ‘జీవితాన్ని కాచి వడబోసిన రచన’ అనే రాస్తాం. చివర్లో ‘అచ్చుతప్పులు నివారించుకుని ఉంటే బాగుండేది’ అని ఒక వాక్యం పడేస్తాం. మేం చూపించే కారం అంతే.

అదే వారం హైదరాబాద్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ నడుస్తోంది. అక్కడ ఏ పుస్తకం కొన్నా జీఎస్టీ సున్నా. నూరేళ్లు నిలిచే నవలకీ సున్నా, మా మిత్రుడి నవలకీ సున్నా. ఇన్నాళ్లూ దీన్ని చదువు మీద ప్రభుత్వానికున్న ప్రేమ అనుకునేవాణ్ణి. పాప్‌కార్న్ తీర్పు చదివాక అసలు సంగతి తెలిసింది. పాప్‌కార్న్‌ని రుచి చూసి మార్కులేశారు, పుస్తకానికి చూడకుండానే వేశారు. నేను చేసేదీ అదే కాబట్టి తప్పు పట్టలేను.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట. సమీక్షకు రెండు ప్రతులు పంపాలన్నది మాలో పాత నియమం. ఒకటి చదవకుండా ఉంచుకోవడానికి, రెండోది ఎవరికైనా ఇచ్చి వాళ్లని కూడా చదవకుండా చేయడానికి. ఈ ప్రతులు చాలాకాలం బుక్ పోస్టులో చవగ్గా వచ్చేవి. అదే డిసెంబర్‌లో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును చడీచప్పుడూ లేకుండా ఎత్తేసింది. గగ్గోలు పుట్టాక 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ తెచ్చారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100. జ్ఞానాన్ని తూకం వేస్తారా అని కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. నాకేం తప్పు కనపడలేదు. మేం మాత్రం ఏ తూకం చూసి ‘బృహన్నవల’ అంటున్నాం?

కాబట్టి కౌన్సిల్ వారికి నా విన్నపం ఏమిటంటే, పాప్‌కార్న్‌కి చేసిన న్యాయం నవలకి కూడా చేయండి. వర్గీకరణ కష్టమేం కాదు. పెరట్లో మామిడిచెట్టు, వీధి అరుగు, తాతయ్య చేతికర్ర ఒకే పేజీలో తగిలితే అది క్యారమెల్. అమెరికా నుంచి దిగిన కొడుకు ఆ చెట్టు మొదలు పట్టుకుని ఏడిస్తే ఇంకో పూత పడినట్టు. 18కి తగ్గడానికి వీల్లేదు. జీతం చాలక, చీటీ డబ్బు కట్టలేక సతమతమయ్యే మనిషి కథని చెప్పాల్సినంతే చెబితే ఉప్పూకారం, 5 శాతం. ముందుమాటల సంగతి వేరు. ముందుమాట, మంచిమాట, ఆత్మీయవాక్యం, అభినందన, చివరికి ‘నా మాట’. ఇవన్నీ దాటుకుని కథలోకి వెళ్లేసరికి ముప్ఫయ్యో పేజీ వస్తుంది. 2025 సెప్టెంబర్‌లో తీపి కూల్‌డ్రింకులని 40 శాతంలోకి తోశారు కదా, వీటినీ అందులోకే తోయాలి. రెంటిలోనూ ఉండేది గ్యాసూ చక్కెరే.

సినిమాల వాళ్లు మాకన్నా అదృష్టవంతులు. వాళ్ల సమీక్షల్లో దశాంశాలుంటాయి. 2.75 ఇచ్చి ఆ మిగిలిన పావు ఎందుకు ఇవ్వలేదో చెప్పక్కర్లేని హాయి మాకు లేదు. టికెట్ విషయంలో కౌన్సిల్ మళ్లీ లోపలికి తొంగి చూడలేదు. జైసల్మేర్ తీర్పు నాటికి వంద రూపాయల దాకా 12 శాతం, దాటితే 18. అప్పట్లో చిన్న ఊళ్లో ఎనభై రూపాయల టికెట్ కొని క్యారమెల్ పాప్‌కార్న్‌తో లోపలికి వెళ్లినవాడిని తలుచుకోండి. ఆనాటి చట్టం దృష్టిలో తెర మీద ఉన్నదానికంటే వాడి ఒళ్లో ఉన్నదే ఘనమైనది. ఒక్కోసారి చట్టం చెప్పేదే నిజం. ఇక ‘పార్ట్ 1’ అని సగంలో ఆపేసే సినిమాల విషయంలో నాదొక చిన్న సందేహం. సగం కుట్టిన చొక్కాకి ఏ దర్జీ అయినా పూర్తి కూలీ అడుగుతాడా?

వర్తమాన వ్యవహారాల మీద కూడా అభిప్రాయాలు ఉండాలంటారు సమీక్షకుడికి. ఉన్నాయి. అమరావతిని నేను నవలగానే చదువుతున్నాను. 2015 అక్టోబర్ 22న మొదటి ఆవిష్కరణ జరిగింది. నడిమధ్యన సంపాదకుడు మారి, ఒక ముగింపు చాలదు, మూడు కావాలన్నాడు. పాత సంపాదకుడు తిరిగొచ్చాక 2025 మే 2న మళ్లీ ఆవిష్కరణ జరిగింది, మళ్లీ అదే ముఖ్య అతిథి. మా భాషలో దీన్ని ద్వితీయ ముద్రణ అంటారు. కాకపోతే మామూలుగా మొదటి ముద్రణ పూర్తయ్యాక వేస్తారు.

ఈ విన్నపం రాస్తుండగానే ఫోను మోగింది. అవతల ఒక విశ్రాంత అధికారి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైళ్లు రాసి, దిగాక నవల రాశారు.

“పుస్తకం అందిందాండీ?”

“అందిందండీ.”

“చూశారాండీ?”

మర్యాదస్తులు ‘చదివారా’ అని అడగరు. నా పథకం ఆయనకి వివరించి, వారి నవలకి 5 శాతం ఖాయం చేశానని చెప్పాను. గౌరవంగానే వేశాను. అట్ట మీద చెట్టు లేదు.

ఆయన గొంతు మారింది. “ఐదేనాండీ? మా కాలనీలోనే ఇంకొకాయన నవలకి 18 వేశారని విన్నాను.”

“అది తీపండీ. ఎక్కువ వేస్తే తక్కువని అర్థం.”

“అయినా 18 అంటే 18 కదండీ, సభలో చదువుకోడానికైనా బాగుంటుంది. పోనీ, మీకూ నాకూ కాకుండా మధ్యలో 12 వెయ్యండి.”

“12 స్లాబు ఎత్తేశారండీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు.”

కాసేపు ఏమీ మాట్లాడలేదాయన. ఫైళ్లు చూసిన మనిషి కదా, చివరికి అడగాల్సిందే అడిగారు.

“అయితే ఈ మధ్యరకం నవలలన్నీ ఎక్కడికెళ్తాయండీ?”

“సమీక్షకే వస్తాయండీ.”