చార్జర్ లేని దారిలో కరెంటు కారు

కరెంటు కారు కొందామని షోరూం దాకా వెళ్లి, ఆలోచనలో పడి తిరిగొచ్చేవాళ్లు సీమ జిల్లాల్లో తక్కువేం లేరు. ధర ఒక్కటే కాదు, మరో రెండు భయాలు వాళ్లను ఆపుతున్నాయి. మన ఎండలకు బ్యాటరీ తట్టుకుంటుందా? దారి మధ్యలో చార్జింగ్ అయిపోతే దిక్కెవరు? మొదటి ప్రశ్నకు జవాబుంది. రెండోదానికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం.

వాతావరణమే అడ్డయితే యూరప్ ఉత్తరాన ఉన్న చలి దేశం నార్వేలో ఈ కార్లు తిరగకూడదు. చలి ముదిరితే బ్యాటరీ లోపలి రసాయన చర్యలు మందగిస్తాయి, చార్జింగ్ నత్తనడక నడుస్తుంది. పైగా కారు లోపల వెచ్చగా ఉండాలన్నా ఆ బ్యాటరీయే పనిచేయాలి. వేసవిలో వెళ్లినంత దూరం శీతాకాలంలో వెళ్లదు. అయినా 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది కరెంటువే. ఆ దేశం 2001లోనే వీటిపై వ్యాట్ ఎత్తేసింది. 2015 నుంచి ప్రధాన రహదారులపై ప్రతి 50 కిలోమీటర్లకు ఫాస్ట్ చార్జర్లు ఉండేలా డబ్బు సాయం చేసింది. ఉత్తర కొసన జనం పలచగా ఉండే ఫిన్‌మార్క్‌కు వ్యాపారులు రాకపోతే, ఆ ప్రాంతానికి విడిగా సాయం ప్రకటించింది. మన పాలకులు చూడాల్సింది ఇక్కడే. లాభం రాని చోటికి చార్జర్ తనంతట తాను నడిచి రాదు.

మన బాధ చలి కాదు, ఎండ. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందన్నది నిజమే. మే నెల మిట్టమధ్యాహ్నం ఫాస్ట్ చార్జింగ్ పెడితే, బ్యాటరీ వేడెక్కకుండా కారే చార్జింగ్ వేగాన్ని తగ్గించుకుంటుంది. అందుకే ద్రవంతో చల్లబరిచే బ్యాటరీ ఉన్న కారు ఎంచుకోవడం, నీడలో నిలపడం, రోజువారీ వాడకానికి 80 శాతం చార్జింగ్‌తో సరిపెట్టుకోవడం మేలు. ఇంకో లెక్క కూడా చూడండి. బయట 42 డిగ్రీలుంటే లోపల 25కి తేవడానికి ఏసీ తగ్గించాల్సింది 17 డిగ్రీలే. మైనస్ 20 చలిలో లోపల 20కి తేవాలంటే 40 డిగ్రీలు పెంచాలి. ఆ పోలికలో మన వాతావరణం కరెంటు కారుకు మరీ శత్రువేం కాదు.

అసలు టెన్షన్ రోడ్డు మీద. రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్రం 2019లో చెప్పింది. కానీ 44వ నంబరు జాతీయ రహదారి దిగి లోపలికి మళ్లినవాడి గతేంటి? అనంతపురం నుంచి కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం వెళ్లి రావాలంటే దాదాపు 200 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుంటే కంపెనీ చెప్పిన రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం, రాదు. దారిలో చార్జర్ ఉన్నట్టు ఫోన్ చూపిస్తుంది. తీరా చేరుకుంటే స్క్రీన్ వెలగదు, కేబుల్ మీద దుమ్ము పేరుకుపోయి ఉంటుంది, దానిమీద రాసిన నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తే దిక్కుండదు. పిల్లలతో, పెద్దవాళ్లతో బయల్దేరిన కుటుంబానికి ఇది చిన్న కష్టం కాదు. ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్‌కు పెడదామంటే, 40 యూనిట్ల బ్యాటరీ నిండటానికి 12 గంటలకు పైనే పడుతుంది. లో వోల్టేజీ ఉన్న పల్లెలో, రాత్రి కరెంటు పోయే ఊళ్లో ఆ 12 గంటలూ నమ్మకం లేనివే.

కరెంటుకు కరువున్న నేల కూడా కాదిది. కర్నూలు సోలార్ పార్కు ఒక్కదాని సామర్థ్యమే 1000 మెగావాట్లు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో కరెంటు కార్లు తయారవుతున్నాయి. పగటిపూట పుట్టే ఈ సౌర విద్యుత్తును ఇక్కడి కార్లకు, ఆటోలకు తక్కువ రేటుకు ఇవ్వడానికి అడ్డేమిటి?

కరెంటు వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో సీమ లోపలి దారులకు న్యాయమైన వాటా రాబట్టాలి. ఆదోని, రాయదుర్గం, జమ్మలమడుగు లాంటి పట్టణాల్లో ఆర్టీసీ బస్టాండే అందరికీ తెలిసిన చోటు. అక్కడ నీడ, నీళ్లు, రాత్రిపూట వెలుతురు, మనుషుల అలికిడి ఉంటాయి. ఒకటి చెడినా ఇంకొకటి ఆదుకునేలా ఒక్కో బస్టాండులో కనీసం రెండు ఫాస్ట్ చార్జర్లు పెట్టాలి. వాటిని నడిపే కాంట్రాక్టరుకు బిల్లులు, చార్జర్ పనిచేసిన గంటల లెక్క చూసి చెల్లించాలి. చెడిపోయిన చార్జర్ 48 గంటల్లో బాగుపడకపోతే జరిమానా వేయాలి. ఈ షరతులు టెండరు కాగితంలోనే ఉండాలని కోరుతున్నాం.