సిలబస్ గురించి అడిగిన సార్‌కి

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో నేను లెక్కల టీచర్‌ని. ఇక్కడ వీధి పరేడ్‌లతో జరిగే కార్నివాల్ పండగలో, మెళ్లో పూసలదండలతో దిగిన ఫొటో పెట్టి పూట కూడా గడవలేదు, కింద కామెంట్ పడింది. "పిల్లలకు లెక్కలు చెప్పమని అమెరికా పంపిస్తే వీధుల్లో పూసలదండలు ఏరుకుంటున్నారా మేడం? సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" రాసినాయన ఒకప్పుడు నాతో పాటు ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్న సార్. దాని కింద ఇంకొకాయన "న్యూ ఆర్లీన్స్ కార్నివాల్ అంటే ఏంటో మాకూ తెలుసులెండి" అని రాసి కన్నుగీటే బొమ్మ పెట్టారు. ఆ బొమ్మకి ఇరవై మంది నవ్వారు. నా పోస్టులు చూసేవాళ్లలో మా అత్తయ్య ఉంది, ఆవిడ ఇవన్నీ చదువుతుంది. నా శిష్యులు చదువుతారు. ఆ మాత్రం ఆలోచన లేకుండా రాసేశారు.

ఏం తెలుసండీ మీకు? బార్లకు పేరుపడ్డ బర్బన్ స్ట్రీట్‌లో రాత్రిపూట తాగి తూలేవాళ్ల వీడియోలు చూసి ఉంటారు. అసలు పెద్ద పరేడ్‌లు ఆ వీధి వైపు వెళ్లవు. ఆ వీధి ఉన్న పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో సందులు ఇరుకని 1973 నుంచి పెద్ద శకటాలను అటు రానివ్వడం లేదు. ఆ వీడియోల్లో కనిపించేవాళ్లలో చాలామంది బయటి ఊళ్ల నుంచి వచ్చిన టూరిస్టులు. ఊరివాళ్ల పండగ సెయింట్ చార్లెస్ అవెన్యూ మీద, పెద్ద పెద్ద ఓక్ చెట్ల కింద జరుగుతుంది. పొద్దున్నే వచ్చి మడతకుర్చీలు వేసుకుని కూర్చునే అమ్మమ్మలుంటారు. నిచ్చెనకు పైన చెక్క పెట్టె బిగించి అందులో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి, వెనక నాన్న పట్టుకుని నిలబడతాడు. పిల్లలు అలా ఎత్తులో ఉంటే శకటం మీద నుంచి విసిరే దండలు, బొమ్మలు చేతికి అందుతాయి. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరో తెలియకపోయినా వేయించిన చికెన్ ప్లేటు మన చేతిలో పెడతారు. మీరు కన్నుగీటింది ఈ పండగ గురించి.

ఇక ఆ ఫొటో సంగతి. నేను వేసుకున్నది స్కూల్ టీ షర్టు. రెండు చేతుల్లో ఉన్నవి నీళ్ల సీసాలు. నేను ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్నాను. మా స్కూల్ బ్యాండ్ పరేడ్‌లో నడుస్తుంటే పిల్లల పక్కనే పెద్దలు కొందరు నడవాలి, నీళ్లివ్వాలి, బూటు లేసు ఊడితే కట్టాలి, జనం లోపలికి తోసుకు రాకుండా చూడాలి. ఐదారు మైళ్ల దారి. మా బ్యాండ్‌లో సూసఫోన్ వాయించే పిల్లాడు ఒకడున్నాడు. ఒంటికి కొండచిలువలా చుట్టుకునే ఇత్తడి వాయిద్యం అది, పదిహేను కిలోల దాకా ఉంటుంది. దాన్ని భుజాన వేసుకుని అడుగు తప్పకుండా, ఊపిరి తప్పకుండా ఆ దూరమంతా నడిచాడు. చివర్లో వాడి పెదవి చిట్లింది. నా మెళ్లో దండలు జనం వేసినవి. వద్దని తీసి పారేయాలా?

సిలబస్ అన్నారు కదా, వినండి. ఆ పిల్లాడు నా ఆల్జీబ్రా క్లాసే. మా స్కూల్లో మార్కులు తగ్గితే బ్యాండ్‌తో నడవనివ్వరు. అందుకని జనవరి నెలంతా బడి అయిపోయాక నా గదికి వచ్చి కూర్చున్నాడు. భిన్నాలంటే బెదిరిపోయేవాడు, తాళం లెక్క కట్టినట్టే ఇదీ కట్టు అంటే పట్టేసుకున్నాడు. వాడు క్వాడ్రాటిక్ ఈక్వేషన్లు చేయడం నేర్చుకున్నది పరేడ్ కోసం. బెత్తం పట్టుకోలేదు, వాళ్ల అమ్మకు ఫోన్ చేసి బెదిరించలేదు. పండగ రోజు ఊరందరి ముందు నడవాలన్న కోరికే వాడిచేత చదివించింది.

ఇంకో మాట. నేను ఇక్కడికి వచ్చిన వీసా జే వన్. మూడేళ్లు ఉండొచ్చు, పొడిగిస్తే మరో రెండేళ్లు. అది ఉద్యోగం కోసం మాత్రమే ఇచ్చే వీసా కాదు, సాంస్కృతిక మార్పిడి కోసం ఇచ్చేది. ఏటా సాంస్కృతిక కార్యక్రమాలు చేయాలని నిబంధనల్లోనే ఉంది. మన పండగలు వాళ్లకు చూపించాలి, వాళ్ల పండగల్లో మనం కలవాలి. నేను సంక్రాంతికి స్కూల్ వరండాలో ముగ్గులు పెట్టించాను, అప్పుడు ఎవరూ సిలబస్ ఊసెత్తలేదు.

బ్యాండ్ అంటే మీకు పెళ్లి ఊరేగింపులో ముందు నడిచే అలంకారంలా కనిపిస్తోందేమో. ఈ ఊళ్లో స్కూల్ బ్యాండ్ వెనక ఎంత కథ ఉందో తెలుసా? రెక్స్ అనే పాత క్రూ 1872 నుంచి పరేడ్ చేస్తోంది. క్రూ అంటే ఏడాదంతా చందాలు వేసుకుని పరేడ్ నడిపే సంఘం. 1967 దాకా ఆ రెక్స్ పరేడ్‌లో ఒక్క నల్లజాతి బడి బ్యాండ్‌కీ చోటు లేదు. ఆ ఏడాది సెయింట్ అగస్టిన్ హైస్కూల్ పిల్లలు, అంటే 'మార్చింగ్ 100' అనే వాళ్ల బ్యాండ్, మొదటిసారి అందులో నడిచారు. దారి పొడవునా తిట్లు తిన్నారు, మీద వస్తువులు విసిరినా భరించారు. వాళ్ల డైరెక్టర్ ఎడ్విన్ హాంప్టన్ వాళ్లను వరస తప్పనివ్వలేదు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు! 2005లో కత్రినా తుఫాను ఊరిని ముంచేశాక, మిగిలిన పిల్లలు చాలక మూడు స్కూళ్లు కలిసి ఒకే బ్యాండ్‌గా 2006 కార్నివాల్‌లో నడిచాయి. ఇళ్లు పోయిన పిల్లలు వాయిద్యాలు పట్టుకుని వచ్చారు. మా స్కూల్లో ఒక సీనియర్ టీచర్ ఆ ఏడాది సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

తప్పులు లేవని నేను అనడం లేదు. 1991 చివర్లో క్రూల సభ్యత్వంలో జాతి వివక్ష చూపకూడదని నగర కౌన్సిల్ చట్టం తెస్తే, దానికి ఒప్పుకోలేక కోమస్, మోమస్, ప్రోటియస్ అనే పాత క్రూలు వీధిలో పరేడే మానేశాయి. ప్రోటియస్ 2000లో తిరిగొచ్చింది. 1857లో ఈ పద్ధతికి నాంది పలికిన కోమస్ రాలేదు. ఆ ప్లాస్టిక్ పూసలు కూడా పెద్ద సమస్యే. 2018 జనవరికి ముందు కొన్ని నెలల్లో కొద్దిపాటి దూరంలోని వాననీటి కాలవల్లో నుంచే 93 వేల పౌండ్ల పూసలు తోడారు, అంటే దాదాపు 42 టన్నులు. ఇలాంటివి అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతాను. మీరు అడిగింది మాత్రం ఒక ఆడమనిషి వీధిలో ఎందుకు కనిపించిందని.

బాల్ ఫొటో కింద కూడా ఇదే గోల. బాల్ అంటే క్రూలు, క్లబ్బులు జరిపే డాన్స్ విందు. జనవరి 6న కార్నివాల్ మొదలవుతుంది. ఆ రోజు నుంచే బాల్‌లు కూడా వరసగా జరుగుతాయి. పాత క్రూల బాల్‌లకు ఆహ్వానం లేనిదే లోపలికి వెళ్లలేరు. సభ్యులు ముసుగుల్లో ఉంటారు, ఎవరితో డాన్స్ చేయాలో వాళ్లే పిలుస్తారు. అక్కడికి నేను వెళ్లలేదు, వెళ్లాలని లేదు కూడా. నన్ను మా ఇంగ్లిష్ టీచర్ తీసుకెళ్లింది జూలూ క్లబ్ బాల్‌కి. 1909 నుంచి పరేడ్ చేస్తున్న నల్లజాతివాళ్ల క్లబ్ అది. 1949లో ఆ పరేడ్‌కు రాజుగా కూర్చున్నది ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. బాల్ కన్వెన్షన్ సెంటర్‌లో, చాలా పెద్ద హాల్లో జరుగుతుంది. మగవాళ్లు టక్సీడో వేసుకోవాలి, ఆడవాళ్లు పాదాల దాకా ఉండే గౌను వేసుకోవాలి. నేను వెంకటగిరి చీర కట్టుకున్నాను. ఈ బాల్‌లో నాకు బాగా నచ్చింది ఏంటంటే తిండి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మెరిసే గౌన్లు వేసుకున్న అక్కలు ఐస్ డబ్బాలు లాక్కుంటూ, ట్రేలు మోసుకుంటూ వస్తారు. నేను పులిహోర తీసుకెళ్లాను. మా బల్లకు అటూ ఇటూ ఉన్న బల్లల వాళ్లు కూడా వచ్చి పెట్టించుకుని తిన్నారు. మా ఇంగ్లిష్ టీచర్ వాళ్ల అమ్మగారికి ఎనభై దాటాయి, నా చేయి పట్టుకుని డాన్స్ చేశారు.

ఆ ఫొటో కింద మా బంధువు ఒకాయన అడిగింది "గ్లాసులో ఏముంది?" అని. నలభై దాటిన దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, రెండు దేశాల్లో జీతం తెచ్చుకున్నదాన్ని. నా గ్లాసులో ఏముందో మీకు చెప్పుకోవాల్సిన అవసరం నాకు లేదు. అదే ఫొటోలో పక్కనున్న మగవాళ్ల చేతుల్లో గ్లాసులు లేవా? వాళ్లనెవరూ అడగలేదే!

సిలబస్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఆ మాట రాసిన సార్ ఎవరో, ఏ కాలేజీలో నాకు పరిచయమో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇంటర్ పిల్లల్ని పొద్దున ఆరుకు లేపి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టే కార్పొరేట్ కాలేజీ అది. అక్కడ ఆటస్థలం లేదు. పాట, బ్యాండ్ అసలే లేవు. దసరాకు, సంక్రాంతికి ఇంటర్ బోర్డు సెలవులు ప్రకటిస్తుంది, క్లాసులు పెడితే చర్యలు తప్పవని ఏటా హెచ్చరిస్తుంది, కాలేజీ మాత్రం గేటుకు తాళం వేసి లోపల క్లాసులు నడుపుతుంది. జనవరి చివర్లో జేఈఈ మెయిన్ ఉందని సాకు. ప్రిన్సిపాల్ దగ్గరికి నేనే వెళ్లి, భోగి, సంక్రాంతి రెండు రోజులైనా ఇళ్లకు పంపండి సార్ అని అడిగాను. "పండగ ఏటా వస్తుంది మేడం, ర్యాంకు రాదు" అన్నారు. పక్కన కూర్చుని తల ఊపింది ఎవరో ఇవాళ కామెంట్ రాసినాయనకు బాగా తెలుసు.

ఆ ఏడాది సెకండియర్ చదివే ఒక పిల్ల సంక్రాంతి రోజు పొద్దున్నే లేచి, క్లాసులో నుంచి తెచ్చుకున్న చాక్‌పీసులతో హాస్టల్ వరండాలో ముగ్గు వేసింది. రథం ముగ్గు. రూమ్మేట్లు చుట్టూ చేరి రంగు చాక్‌పీసులతో నింపారు. ఎవరూ క్లాసు ఎగ్గొట్టలేదు, స్టడీ అవర్ ఇంకా మొదలవలేదు. వార్డెన్ వచ్చి ఆ పిల్లచేతే బకెట్ నీళ్లు తెప్పించి, ఆ పిల్లచేతే తుడిపించింది. ఏడుస్తూ తుడిచింది. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఈ సార్ ఏమన్నారో నా చెవులతో విన్నాను. "మంచి పని చేసింది వార్డెన్, లేకపోతే రేపు గొబ్బెమ్మలు కూడా పెడతారు" అన్నారు. అందరూ నవ్వారు. నేను ఆ రోజు భోజనం డబ్బా మూత తీయలేదు.

ఇక్కడ కార్నివాల్ వారం బడులకు సెలవులు. ఊరు ఊరంతా ఆగుతుంది. సెలవుల తర్వాత పిల్లలు తిరిగొచ్చి పరీక్షలు రాస్తారు, లెక్కలు చేస్తారు, కొందరు తప్పుతారు, కొందరు మంచి యూనివర్సిటీలకు వెళ్తారు. బ్యాండ్ వాయించినందుకే స్కాలర్‌షిప్‌తో కాలేజీ చదివేవాళ్లు ఉన్నారు. పండగ చేసుకున్నందుకు ఏ పిల్లాడి బుర్రా పాడవలేదు.

నా పోస్టు తీయను, ఫొటోలు దాచను. వచ్చే జనవరి 6న సీజన్ మొదలైతే మా పిల్లల పక్కన మళ్లీ నడుస్తాను. మీకు నిజంగా చదువు గురించి బెంగ ఉంటే ఒక్క సంగతి రాయండి సార్, మొన్న సంక్రాంతికి మీ హాస్టల్ పిల్లల్ని ఇంటికి పంపారా లేదా? పంపకపోతే ఎవరు ఆపారు? పేర్లు అక్కర్లేదు, అవునో కాదో ఇక్కడే, అందరూ చూసేలా రాయండి.