పాట రాని రోజుల్లోనే వివీ మనిషైంది

రోబో అమ్మాయి మనిషిగా మారే కథ అంటే మనకు ముందే తెలిసిన రూటు ఒకటుంది. మొదట్లో ముఖంలో ఏ భావమూ ఉండదు, మాట పొడిపొడిగా ఉంటుంది, మధ్యలో ఒక కుర్రాడు తగులుతాడు, నవ్వడం నేర్పిస్తాడు, చివర్లో కంట్లోంచి ఒక చుక్క జారుతుంది, అంతే, పాస్. మగ రోబోకైతే ఈ పరీక్ష పెట్టరు. వాడికి యుద్ధమో, లోకాన్ని కాపాడే పనో, తనను తయారుచేసినవాడితో పేచీనో ఇస్తారు. ఆడ రోబో మాత్రం నవ్వి, ఏడ్చి, ప్రేమించి చూపిస్తేనే మనిషి కింద లెక్క. ఆ అచ్చుకు అలవాటు పడ్డ కళ్లతో 2021లో వచ్చిన జపాన్ యానిమేషన్ సిరీస్ 'వివీ: ఫ్లోరైట్ ఐస్ సాంగ్' చూస్తే కాస్త తికమక అవుతుంది, ఎందుకంటే ఇందులో హీరోయిన్‌కి ప్రేమకథే లేదు.

కథ చెప్పకుండా దీని గురించి మాట్లాడడం నా వల్ల కాదు, చూడనివాళ్లు చూసొచ్చి చదవండి. విట్ స్టూడియో తీసింది, మొత్తం 13 ఎపిసోడ్లు. 2061లో నియాలాండ్ అనే థీమ్ పార్కులో దీవా అనే రోబో పాటలు పాడుతుంటుంది. ఆ లోకంలో ఒక రూల్: ఒక్కో ఏఐకి ఒక్కటే పని అప్పజెప్పాలి. దీవా పని, పాటతో అందరినీ సంతోషపెట్టడం. ఆగి వినేది పిడికెడు మంది, అయినా పాడుతుంది. అట్లాంటిదానికి ఒకరోజు వందేళ్ల తర్వాతి కాలం నుంచి మత్సుమోతో అనే ఏఐ వచ్చి, 2161లో ఏఐలు మనుషులను ఊచకోత కోస్తాయి, అది జరగకుండా ఈ వందేళ్ల చరిత్రను ఎక్కడెక్కడ మార్చాలో నాకు తెలుసు, నువ్వు నాతో రావాలి అంటాడు. మత్సుమోతో వాగుడు మొదట్లో తలనొప్పే, తర్వాత అలవాటవుతుంది.

దీవాకు 'వివీ' అని ముద్దుపేరు పెట్టింది మొమోకా అనే చిన్నపిల్ల. రెండో ఎపిసోడ్ చివర ఆ పిల్ల ఎక్కిన విమానం పేలిపోబోతోందని తెలుస్తుంది. వివీ కాపాడబోతే మత్సుమోతో అడ్డుపడతాడు, మార్చాల్సినవి మాత్రమే మార్చాలి, మిగతావి ముట్టుకోవద్దని. విమానం ఆమె కళ్లముందే పేలుతుంది. ఆ తర్వాత పాడేటప్పుడు ఆమె దీవా, ఈ పని మీద ఉన్నప్పుడు వివీ. అంటే పోయిన పిల్ల పెట్టిన పేరుతో మిగతా కాలమంతా తిరుగుతుంది. మనిషి కావడం ఇక్కడే మొదలైందని నా లెక్క.

మధ్యలో అంతరిక్ష హోటల్ కథ ఒకటుంది, బాగానే ఉంది, దాని జోలికి పోను. సిరీస్ మొత్తానికి గుండెకాయ గ్రేస్ కథ. గ్రేస్ నర్సు రోబో, ప్రాణాలు నిలబెట్టడం ఆమె పని. సయేకి అనే శాస్త్రవేత్త ఆమెను పెళ్లాడాడు. తర్వాత ఆమెను తీసుకెళ్లి మెటల్ ఫ్లోట్ అనే, మొత్తం రోబోలే నడిపే దీవికి ప్రధాన యంత్రంగా మార్చేశారు. ఆమెను అడిగినవాళ్లు లేరు. సయేకికి తన భార్య కావాలి, మత్సుమోతో లెక్క ప్రకారం ఆ దీవి ఆగాలి, దీవి ఆగాలంటే గ్రేస్ ఆగాలి. వివీ లోపలికి పోతుంటే గ్రేస్ పాడుతుంటుంది, అదీ వివీకి బాగా తెలిసిన పాట. వివీ తన పని పూర్తి చేసి బయటికొచ్చి సయేకికి సంగతి చెబుతుంది. ఆయన ఆమె కళ్లముందే తుపాకీతో కాల్చుకుంటాడు. వివీ ఉన్నచోటే బిగుసుకుపోతుంది. అందరినీ సంతోషపెట్టడమే పనిగా పుట్టినది ఇప్పుడు ఏం చేసినట్టు?

ఇక్కడ రచయితలు తప్పేయ్ నగత్సుకి, ఎయిజి ఉమెహర చేసిన పని నాకు బాగా నచ్చింది. బిగుసుకుపోయిన ఆ యంత్రం మళ్లీ లేచేసరికి అందులో వివీ ఉండదు. పాత సంగతులేవీ తెలియని దీవా ఉంటుంది. ఆ దీవా ఏళ్లు గడిచేకొద్దీ పెద్ద స్టార్ అవుతుంది, స్టేజీ ఎక్కితే జనం ఊగిపోతారు. కొన్ని ఎపిసోడ్ల తర్వాత దీవా మాయమై వివీ తిరిగొస్తుంది, వచ్చాక నోరు తెరిస్తే పాట రాదు. గొంతు అదే, మెషిన్ అదే. ఏమీ గుర్తులేనిదానికి పాట వచ్చింది, అన్నీ గుర్తున్నదానికి రావట్లేదు. నిజానికి తెర వెనక కూడా ఈ పాత్రకు మాట అత్సుమి తనెజాకిది, పాట కైరి యాగిది, ఇద్దరు వేరువేరు మనుషులు. బాగా పాడే యంత్రం, పాడలేని యంత్రం, వీటిలో మనిషికి దగ్గరగా ఉన్నది ఏదని అడిగితే మన సినిమాల లెక్కలో మొదటిదే అంటారు. ఈ సిరీస్ రెండోది అంటుంది. నాదీ అదే ఓటు.

మనసు పెట్టి పాడడం అంటే ఏమిటని వివీ మొదటి నుంచీ అడుగుతూనే ఉంటుంది. చివరికి తనకు తానే చెప్పుకున్న జవాబు: మనసంటే జ్ఞాపకాలే. ఈ మాట విని ఇంత చిన్న జవాబా అని పెదవి విరిచినవాళ్లున్నారు. మా దేవరకొండ దిక్కు చావు ఇంటికి పోయి శోకాలు విన్నవాళ్లకు మాత్రం అది చిన్నదిగా అనిపించదు. మా ఊళ్లో ఒక ముసలమ్మ పోయినప్పుడు పక్కింటామె శవం పక్కన కూర్చుని రాగం అందుకుంది. "ఓ నా అవ్వా" అని ఒక్కసారి అన్నాక ఇక అన్నీ సంగతులే. వానల్లో మేకలు తప్పిపోయిన రాత్రి లాంతరు పట్టుకుని తనతో గుట్ట దాకా వచ్చింది, బిడ్డ పెండ్లికి ఎవరూ పైసలు ఇయ్యకపోతే ముడుపు విప్పింది, నాట్లకు పోయినప్పుడు తన సద్దిలోంచి సగం రొట్టె తీసి పెట్టింది. దుఃఖం వస్తోంది, బాధగా ఉంది అనే మాట ఒక్కటీ లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు దానికే కొంగు నోట్లో కుక్కుకున్నారు. తర్వాత వచ్చిన ఒక దూరపు చుట్టం చాలా గట్టిగా ఏడ్చింది. "ఉత్త ఒర్లుడే" అన్నారు వెనక. యాది లేని ఏడుపును మా ఊరి ఆడవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఆ లెక్కన చూస్తే ఎప్పుడో పోయిన జానపద వీరుడు పండుగ సాయన్న కథను కిన్నెర మీద ఇప్పటికీ పాడుతున్న పాలమూరు కళాకారులు చేస్తున్నది కూడా వివీ చేసిన పనే. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుంటే, ఆయన చూడని మనిషి యాది ఆయన గొంతులోంచి వస్తుంది.

పాట రాని వివీ పోయి మ్యూజియంలో ఉంటుంది, అక్కడ సొంతంగా ఒక పాట రాయాలని కూర్చుంటుంది. ఏళ్లు పడుతుంది. ఆ మధ్యలో అక్కడికి రోజూ వచ్చే ఒక పిల్లాడు పెద్దవాడవుతాడు, అతనికి పెళ్లవుతుంది, పాట ఇంకా కాదు. యాక్షన్ కోసం చూసేవాళ్లకు ఈ పదో ఎపిసోడ్ సోది. నాకు మాత్రం ఇప్పటి రోజుల్లో ఇదే ఎక్కువ పనికొచ్చేదిగా అనిపించింది. పోయిన బతుకమ్మ పండక్కి మహబూబ్‌నగర్‌లో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పాట పెట్టారు, ఫోన్లో యాప్‌కి నాలుగు ముక్కలు చెబితే నిమిషంలో కట్టిచ్చిందట. రాగం బాగుంది, చప్పట్లకు సరిగ్గా కుదిరింది, గునుగు, తంగేడు అన్నీ ఉన్నాయి. అత్తగారింట్లో ఎదురుచూసే ఆడబిడ్డ లేదు, తీసుకపోను రాని అన్న లేడు. ఎవరి ఊసూ లేని బతుకమ్మ పాట అది. ఆ యాప్‌కి మన పాటలు వేలకొద్దీ తినిపించి ఉండొచ్చు, కానీ అది పోగొట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు. వివీ కూడా యంత్రమే, అయినా ఆ పాట రాయడానికి ఆమె దగ్గర మొమోకా ఉంది, గ్రేస్ ఉంది, కాల్చుకున్న సయేకి ఉన్నాడు.

సిరీస్‌లో లోపాలు లేవని కాదు. చివరి మూడు ఎపిసోడ్లలో ఆర్కైవ్ అనే పెద్ద ఏఐ వచ్చి, మనుషులను ఎందుకు చంపుతున్నానో ఉపన్యాసం దంచుతుంది. వివీ పాడితే ఏఐలన్నీ ఆగిపోతాయి అనే షరతు కూడా కొంచెం సినిమా లెక్కనే ఉంది, ఇంతకాలం తండ్లాడి రాసుకున్న పాటను తీసుకెళ్లి స్విచ్‌బోర్డు చేసేశారు. మొదటిసారి పాడలేకపోతే కాలాన్ని వెనక్కి తిప్పి ఇంకో ఛాన్స్ ఇవ్వడం మరీ చవక. ఆ పాడలేకపోవడానికి ఉన్న బరువంతా దాంతో దిగిపోయింది.

ఇక ఆఖరి సీన్. తను పాడిన పాటతో తనూ ఆగిపోయిన వివీ, జుట్టు కత్తిరించుకుని పాత యాదులేవీ లేనట్టే మళ్లీ కళ్లు తెరుస్తుంది, పక్కన మత్సుమోతో ఉంటాడు. జ్ఞాపకాలే మనసు అని పదమూడు ఎపిసోడ్లు చెప్పి, అవి లేనిదాన్ని లేపి వివీ అంటే ఎట్లా అని జడ్చర్లలో డిగ్రీ చదివే మా మేనల్లుడితో వాదన పెట్టుకున్నాను. వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "మరి తాత సంగతేంది మామా?" అన్నాడు. మా నాయనకు కొంతకాలంగా మతి లేదు, నన్ను చూసి ఏ ఊరు బిడ్డా అని అడుగుతాడు. అది వేరురా, ఆయనకు గుర్తులేనిదంతా మేం చెబుతూ ఉంటాం కదా అన్నాను. "మత్సుమోతో ఉన్నది గందుకే గదా" అన్నాడు. అయినా నేను ఒప్పుకోలేదు. మత్సుమోతో ఆమెకు మొమోకా సంగతి, గ్రేస్ సంగతి చెప్పడం మొదలుపెట్టిన దగ్గర ఆ సీన్ ఆపి ఉంటే ఒప్పుకునేవాణ్ని, వాళ్లేమో అందమైన ముఖం చూపించి తెర దించేశారు.