ఫోమ్ డబ్బాని తెచ్చిన బండే వెనక్కి తీసుకెళ్ళాలి

ఫుడ్ ప్యాకింగ్ ఫోమ్, అంటే చేపలూ ఐసూ వచ్చే థర్మాకోల్ డబ్బా లాంటిదాని మీద గొడవ ఎన్నేళ్ళయినా తెగట్లేదు. ఒక పక్క మొత్తం బ్యాన్ చెయ్యాలనేవాళ్ళు, ఇంకో పక్క ఇది రీసైక్లబుల్ అని డబ్బా కింద బాణాల ముద్ర కొట్టి అమ్మేవాళ్ళు. నా లెక్కలో రెండు వర్గాలూ తప్పు చోట కొట్టుకుంటున్నాయి. డబ్బా దేంతో చేశారన్నది తర్వాత మాట్లాడొచ్చు, ముందు అది ఎక్కడ ఖాళీ అవుతుంది, ఖాళీ అయ్యాక ఏ బండి ఎక్కుతుంది అన్నది చెప్పండి. ఆ జవాబు లేని డబ్బా మీద ఆ ముద్ర వెయ్యనివ్వకూడదు.

మనం థర్మాకోల్ అనేది ఈపీఎస్, అంటే ఉబ్బించిన పాలిస్టైరీన్. సన్నటి ప్లాస్టిక్ గింజల్లో పెంటేన్ అనే, వేడికి ఆవిరైపోయే రసాయనం కొంచెం పట్టించి ఆవిరి పెడితే అవి ఉబ్బి దాదాపు 40 రెట్లు అవుతాయి, వాటిని అచ్చులో పోసి మళ్ళీ ఆవిరి కొడితే ఒకదానికొకటి అతుక్కుని డబ్బా తయారు. చేతికొచ్చేసరికి అందులో ప్లాస్టిక్ సుమారు 2 శాతం, మిగతాదంతా గాలి. చలిని లోపల పట్టి ఉంచేది కూడా ఆ గాలే, చిన్న చిన్న గదుల్లో ఇరుక్కుపోయి కదల్లేదు కాబట్టి వేడిని మోసుకుపోలేదు. ఐస్ కరిగి నీళ్ళు నిలిచినా డబ్బా మెత్తబడదు, బరువు ఉండదు, పైన ఇంకో పది డబ్బాలు పెట్టినా తట్టుకుంటుంది. ఇన్సులేషన్ పనిలో దీనికి నేను ఒక్క వంక కూడా పెట్టను.

కానీ అదే గాలి ఖాళీ డబ్బాకి శాపం. ఈపీఎస్ ప్యాకింగ్ క్యూబిక్ మీటరుకి 15 నుంచి 30 కిలోలు తూగుతుంది, అదే మామూలు గట్టి పాలిస్టైరీన్ అయితే 1050 కిలోలు. పైగా డబ్బా లోపల బోలు. ఖాళీ డబ్బాలతో లారీ నిండా లోడ్ చేసినా కాటా మీద చూస్తే ఏమీ ఉండదు, డీజిల్ ఖర్చు మాత్రం నిండు లారీదే. చెత్త బండిలో వేస్తే ఇంకా ఘోరం, ఆ బండి లోపల నొక్కే ప్లేటు కింద డబ్బా నలిగి గింజలు గింజలుగా విడిపోయి కాగితంలోకీ గాజు ముక్కల్లోకీ దూరి, రీసైకిల్ అయ్యే మిగతా సరుకుని కూడా పాడు చేస్తుంది. ఒకసారి చేత్తో ఒక మూల విరిచి చూడండి, తెల్ల గింజలు వేళ్ళకి అంటుకుని దులిపినా వదలవు, టేపు లాగితే టేపుతో పాటు పై పొర లేచొస్తుంది, అడ్రస్ స్టిక్కరు సగం చిరిగి సగం అక్కడే ఉంటుంది. ఏరే మనిషికి ఆ పని ఎందుకు గిట్టదో అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇదే డబ్బాని జపాన్ చేపల హోల్‌సేల్ మార్కెట్లలో చూడండి. అక్కడ చేపలొచ్చేది ఈ తెల్ల డబ్బాల్లోనే, అన్నీ ఒకే రకం, అన్నీ ఒకే చోట ఒకే పూట ఖాళీ అవుతాయి. మార్కెట్లోనే మిషన్ ఉంటుంది, టేపూ స్టిక్కరూ పీకేసి అందులో వేస్తే ముక్కలు చేసి వేడి చేసి గాలి తీసేస్తుంది, ముద్దగా బయటికొచ్చి చల్లారితే గట్టి దిమ్మ. లారీ నిండా గాలి పోవాల్సిన చోట ఇప్పుడు దిమ్మలు పోతున్నాయి, 40, 50 రెట్లు తక్కువ చోటులో. దానికి కొనేవాడున్నాడు, ధర ఉంది. ఫోటో ఫ్రేములకీ ఇళ్ళల్లో వాడే బీడింగులకీ ఇన్సులేషన్ షీట్లకీ అది ముడిసరుకు. జపాన్ ఈపీఎస్ రీసైక్లింగ్ అని ప్రచారంలో ఉన్న పెద్ద పెద్ద శాతాల్లో వేడి కోసం కాల్చేది కూడా కలిపేస్తారు కాబట్టి ఆ అంకెల జోలికి నేను పోను, కానీ మార్కెట్లో మిషన్ పక్కన పేర్చిన దిమ్మలు మాత్రం నిజం. ప్లాస్టిక్ అదే, ఏ రకం ప్లాస్టికో చెప్పడానికి అడుగున కొట్టే 6 నంబరూ అదే. ఇంటి గుమ్మంలో ఒక్కటిగా ఖాళీ అయితే చెత్త, మార్కెట్లో వెయ్యి కలిసి ఖాళీ అయితే సరుకు. రీసైకిల్ అయ్యే గుణం డబ్బాలో లేదండీ, అది ఖాళీ అయ్యే అడ్రస్‌లో ఉంది.

ఇది తెలియక జరిగిందనుకుంటే పొరపాటు. అమెరికాలో 1989లోనే పాలిస్టైరీన్ తయారీ కంపెనీలు కలిసి రీసైక్లింగ్ కోసమే ఒక కంపెనీ పెట్టి, ఫుడ్ సర్వీస్‌లో, ప్యాకింగ్‌లో వాడేదాన్ని 1995 కల్లా 25 శాతం రీసైకిల్ చేస్తామని చెప్పాయి, అవ్వలేదు. మరుసటి ఏడాది 1990లో మెక్‌డొనాల్డ్స్ బర్గర్ పెట్టే ఫోమ్ డబ్బానే వదిలేసింది. న్యూయార్క్ సిటీలో అయితే ఇది రీసైకిల్ అవుతుందా కాదా అన్నదాని మీదే కోర్టు కేసులు నడిచాయి, మిషన్లకి డబ్బులిస్తాం, ఐదేళ్ళ పాటు సరుకు ఎవరో ఒకరు కొనేలా చూస్తాం అని ఇండస్ట్రీ ముందుకొచ్చింది, మరి ఆరో ఏడు ఎవరు కొంటారన్న దానికి గట్టి జవాబు రాలేదు, చివరికి 2019 జనవరిలో బ్యాన్ అమల్లోకొచ్చింది. కాలిఫోర్నియా 2022లో చట్టం చేసి, ఫోమ్ ప్లేట్లూ కప్పులూ తిండి డబ్బాలూ 2025 జనవరి 1 కల్లా 25 శాతం రీసైకిల్ అవుతున్నట్టు చూపించండి, లేకపోతే అమ్మకండి అంది. చూపించలేకపోయారు. గమనించారా, అదే 25 శాతం. వాళ్ళ నోటితో వాళ్ళే 1995కి ఇస్తామన్న అంకె, ముప్పై ఏళ్ళ తర్వాత చట్టం అడిగితే కూడా ఇవ్వలేకపోయారు.

ఇక కొత్త ఫోములు. పాలీప్రొపిలీన్‌తో చేసిన ఈపీపీ అనీ, పాలిథిలీన్ ఫోమ్ అనీ వస్తున్నాయి, రీసైక్లబుల్ అన్న ముద్ర ఇప్పుడు వీటి మీద ఇంకా గట్టిగా కొడుతున్నారు. వీటిలో ఈపీపీ నిజంగా మంచి సరుకు, వంగుతుంది కానీ విరగదు, కడిగి మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. కానీ దాన్ని ఒక్కసారి వాడి పారేసే డబ్బాగా అమ్మితే 6 పోయి 5 వచ్చింది తప్ప లోపల గాలి అలాగే ఉంది, లారీ లెక్కా అలాగే ఉంది.

ఇండస్ట్రీ వాళ్ళ వాదన ఒకటుంది, అది గట్టిదే. పంట చేతికొచ్చాక దుకాణం దాకా చేరేలోపే ప్రపంచం తిండిలో సుమారు 14 శాతం పోతోందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ 2019లో చెప్పింది, ఒక డబ్బా చేప కుళ్ళిపోతే దాన్ని పట్టడానికి, నిల్వ చెయ్యడానికి, తేవడానికి అయిన ఖర్చు ముందు ఆ కాస్త ప్లాస్టిక్ ఏపాటిది అంటారు. ఒప్పుకుంటా. కానీ ఇది చలి డబ్బా కావాలి అనడానికి పనికొచ్చే వాదన. వాడేసిన డబ్బా బాధ్యత కొన్నవాడి మీద తొయ్యడానికి ఇందులో ఏ కారణమూ లేదు.

అసలు విషయానికొస్తే, ఫోమ్ డబ్బాని గుమ్మం దాకా తెచ్చిన డెలివరీ బండి వెనక్కి ఎలా పోతోంది? ఖాళీగా. ఎవరూ దీని గురించి మాట్లాడరు, నాకు మాత్రం మొత్తం పరిష్కారం ఇక్కడే కనపడుతోంది. గాలిని మొయ్యడానికి ప్రత్యేకంగా లారీ పెడితే నష్టం, సరే, కానీ ఎలాగూ ఖాళీగా పోయే బండిలో నిన్నటి డబ్బా వేసుకెళ్తే అదనంగా అయ్యేది ఎంత? బరువే లేదు కదా. పొద్దున నిండుగా బయల్దేరిన బండి సాయంత్రానికి నిన్నటి డబ్బాలతో గోడౌన్‌కి చేరితే, చేపల మార్కెట్లో ఉన్న పరిస్థితే అక్కడా వస్తుంది, ఒకే రకం డబ్బాలు, ఒకే చోట, వేలల్లో, పక్కనే మిషన్. ఈపీపీ అయితే మిషన్ కూడా అక్కర్లేదు, కడిగి మర్నాడు మళ్ళీ పంపొచ్చు. డబ్బాకి డిపాజిట్ పెట్టండి, తిరిగిస్తే డబ్బులు వాపస్, జనం ఇవ్వరేమో అన్న భయం కూడా ఉండదు. డెలివరీ చేసే మనిషికి డబ్బాకింత అని కూలీ కట్టివ్వాలి, ఇది మాత్రం మర్చిపోకూడదు, లేకపోతే మళ్ళీ ఇంకో బరువు తీసుకెళ్ళి అతని నెత్తిన పెట్టినట్టే.

నిజానికి నన్ను కుదిపేది ఒక్క ఫోమ్ కాదు. ఫోన్ బ్యాటరీ తీసుకోండి, పరుపు తీసుకోండి, ప్రింటర్ కార్ట్రిడ్జ్ తీసుకోండి, సరుకు మన దాకా రావడానికి గంటల్లో పని చేసే గోడౌన్లూ యాప్‌లూ రూట్ మ్యాపులూ కట్టారు, అదే సరుకు వెనక్కి పోవడానికి మాత్రం రోడ్డు మీద చెత్త డబ్బా, దాని మీద మన మనస్సాక్షి. రానిచ్చే దారిలో లాభం ఉంది కాబట్టి అది కంపెనీది, పోనిచ్చే దారిలో ఖర్చు ఉంది కాబట్టి అది ఊరిది, మున్సిపాలిటీది, చెత్త ఏరుకునే ఆడమనిషిది. ఈ పంపకాన్ని మనం ఎంత సహజంగా ఒప్పేసుకున్నామంటే, డబ్బా ఎందులో వెయ్యాలో తెలీక నిలబడ్డ ప్రతిసారీ తప్పు మనదే అనుకుంటున్నాం.

యూరోపియన్ యూనియన్ కొత్త ప్యాకేజింగ్ రూల్స్ 2025 ఫిబ్రవరిలో అమల్లోకొచ్చాయి, అందులో ఒక మంచి మెలిక ఉంది. 2030 నుంచి ప్యాకింగ్‌ని రీసైకిల్ అయ్యేలా డిజైన్ చెయ్యడం తప్పనిసరి, 2035 నుంచి అయితే డిజైన్ చేశాం అంటే సరిపోదు, పెద్ద ఎత్తున నిజంగా రీసైకిల్ అవుతూ ఉండాలి. ఈ రెండో షరతే ముందు పెట్టాల్సింది, పదేళ్ళు ఆగాల్సిన పని లేదు. చలి డబ్బా అమ్మే కంపెనీ ముద్ర కొట్టే ముందే మూడు కాగితాలు చూపించాలి: ఖాళీ డబ్బా ఏ బండిలో వస్తుంది, మిషన్ ఎక్కడుంది, దిమ్మ ఎవరు కొంటున్నారు. ఇవి లేకపోతే ఫోమ్ ఏ నంబరుదైనా సరే బాణాల గుర్తు తీసెయ్యాలి, డబ్బాని చెత్తలో వేశాక దాన్ని ఎత్తి పారబొయ్యడానికి మున్సిపాలిటీకయ్యే ఖర్చు ఆ కంపెనీ దగ్గరే డబ్బాకింత చొప్పున ముందుగా వసూలు చెయ్యాలి.