సవరణ: వాక్కాయ వేరు, కలివికాయ వేరు

కంచె మొక్కల గురించి రాసినప్పుడు, ఉదయగిరి కొండల్లో దొరికే కలివికాయ, మనం పప్పులో వేసుకునే వాక్కాయ ఒకటేనన్నాను. అది తప్పు. నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగి ఇలా రాసినందుకు బాధగా ఉంది.

రెండూ దగ్గరి చుట్టాలే. శాస్త్రీయ నామాల్లో వాక్కాయ కారిస్సా కరండాస్, కలివి కారిస్సా స్పైనారమ్. వాక్కాయ పెద్దది. పచ్చిగా ఉన్నప్పుడు తెలుపూ గులాబీ కలిసి ఉంటుంది, పులుపు ఎక్కువ. పప్పుకీ పచ్చడికీ పులిహోరకీ అదే కావాలి. కలివికాయ చిన్నది, అడవిది. నల్లగా పండాక కోసి అక్కడికక్కడే తినాలి, ఆ తీపే వేరు!

ఇంకో మాట. గన్నేరు కుటుంబానిది కాబట్టి వాక్కాయ పాలు విషమని భయపెట్టాను. కుటుంబం నిజమే, భయం అక్కర్లేదు. కాయ తినేదే. పాలు మాత్రం చేతికీ కత్తికీ జిగురుగా అంటుకుంటాయి, కోసేముందు కాస్త నూనె రాసుకోండి.

కంచెకు వాక్కాయే వేయమన్న మాటలో మార్పు లేదు. గట్టి ముళ్లు, ఎండకు తట్టుకుంటుంది. గింజలు మాత్రం పండు నుంచి తీసిన వెంటనే నాటాలి, నిల్వ ఉంచితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది.