కాటా కొనేవాడి చేతిలోనే ఉంటే

చిత్తూరు రైతుకు కంపెనీల మీద నమ్మకం లేదంటే, అసలు పరిశ్రమలే వద్దంటున్నాడని కొందరు అనుకుంటారు. అదేం కాదు. కొడుక్కి శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఉద్యోగం వచ్చిందని సంబరపడే ఇంట్లోనే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలను తిట్టిపోసే పెద్దాయనా ఉంటాడు. ఆయన కోపం ఎవరి లాభాల మీదా కాదు. ధర, తూకం, నాణ్యత మూడూ కొనేవాడే తేలుస్తుంటే ప్రభుత్వం చోద్యం చూస్తోందన్నదే ఆయన బాధ.

2025 సీజన్‌లో తోతాపురి మామిడికి పట్టిన గతి చూడండి. ఇది ప్రధానంగా గుజ్జుకు పోయే కాయ. కొనేది ఫ్యాక్టరీలు, కాదంటే ర్యాంపులు, అంటే వ్యాపారులు కాయ కొనే కేంద్రాలు. పక్వానికొచ్చిన కాయను చెట్టు మీద ఆపలేం, కోశాక ఇంట్లో దాచలేం. ఈ సంగతి కొనేవాడికి బాగా తెలుసు. పోయినేటి గుజ్జే అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు చేతులెత్తేశాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, తాను 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రభుత్వం ప్రకటించింది. టోకెన్ పుచ్చుకుని గేటు బయట ట్రాక్టర్ నిలబెట్టిన రైతుకు పూట గడిచేకొద్దీ బాడుగ పెరుగుతుంది, అడుగునున్న కాయ మెత్తబడుతుంది. తీరా లోపలికి పోయాక ఆ మెత్తబడినదాన్నే చూపించి ధర కోస్తారు. చాలాచోట్ల ఆ 8 రూపాయలు ఇవ్వడం లేదని రైతులు రోడ్డెక్కారు. ఇవ్వని ఫ్యాక్టరీని ఏం చేస్తారని అడిగితే గట్టి జవాబు రాలేదు.

చెరకుకు కనీసం కాగితం మీదైనా చట్టం ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. (అమలు ఎలా ఉందో బకాయిల కోసం తిరిగినవాళ్లను అడగాలి. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలైతే మూతే పడ్డాయి.) తోతాపురికి ఆ కాగితం కూడా లేదు.

పాల కథ ఇంకా పాతది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. నష్టాలే కారణమని ఒకరు, ప్రైవేటు డెయిరీల కోసం చంపేశారని ఇంకొకరు. 1992లో హెరిటేజ్ పాల కంపెనీని స్థాపించిన చంద్రబాబు నాయుడే అప్పటి ముఖ్యమంత్రి కావడంతో ఆరోపణ ఆయన వైపు మళ్లింది, టీడీపీ దాన్ని కొట్టిపారేస్తూనే ఉంది. 2023లో జగన్ ప్రభుత్వం అమూల్‌తో ఆ డెయిరీని తెరిపిస్తామని శంకుస్థాపన చేసింది. ఈ గొడవంతా పైన నడుస్తుంటే, ఊళ్లో పాలకేంద్రంలో ధర కట్టడానికి ఫ్యాట్ (వెన్న శాతం) చూసే మెషిన్ మాత్రం కొనేవాడిదే. నిన్న 4.1 వచ్చింది ఇవాళ 3.6 అని స్లిప్పు చేతిలో పెడితే, ఆవు అదే, మేత అదే కదా అని గొణుక్కుంటూ ఇంటికి పోవాల్సిందే. ఇంకోచోట పరీక్ష చేయించుకునే దారి లేదు.

అసలు కంపెనీ, పార్టీ ఒకే ఇంట్లో ఉంటే నిజం తేలడం మరీ కష్టం. సీసం కాలుష్యం పేరుతో 2021లో అమరరాజా బ్యాటరీస్ ఫ్యాక్టరీలను మూసేయమని కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వులిచ్చింది, హైకోర్టు వాటిని నిలిపేసింది. కంపెనీ అప్పటి టీడీపీ ఎంపీ గల్లా జయదేవ్ కుటుంబానిది. ఇంకేముంది, తిరుపతిలో మాట్లాడుకున్నదంతా కక్షసాధింపా కాదా అన్నదే. కార్మికుల ఒంట్లో సీసం ఎంతుందన్న అసలు ప్రశ్న పక్కకు పోయింది. ఇటు కంపెనీ మాటా నమ్మబుద్ధి కాదు, అటు మండలి మాటా నమ్మబుద్ధి కాదు.

గుజ్జు ఫ్యాక్టరీలకు కష్టాలు లేవని నేననను. విదేశీ ఆర్డర్లు తగ్గితే సరుకు గోదాముల్లోనే ఉండిపోతుంది. ఆ లెక్కేదో బయటపెట్టమనండి. ధర మీద సమావేశాలు కాయ కోతకొచ్చాక పెట్టడం దేనికి? తోట పూత మీద ఉన్నప్పుడే ఏ ఫ్యాక్టరీలో ఎన్ని టన్నుల గుజ్జు మిగిలిందో కలెక్టరేట్ బోర్డు మీద అంటిస్తే, తోట కౌలుకు పట్టేవాడు ఎంతకు పట్టాలో తనే తేల్చుకుంటాడు.