కనుమనాడు చెక్-ఔట్

రాజోలు దగ్గర మా తాతగారి మండువా లోగిలి ఉంది. నాలుగు గదులు, మధ్యలో ఆకాశం. ఊరికే పడి ఉందని పోయినేడు హోమ్‌స్టే చేశాను. నేనుండేది గచ్చిబౌలిలో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ చూసుకోడానికి మా మేనత్త ఉంది. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని ఎవరో చెబితే, దాటేస్తే ఎలాగా అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు కూడా.

ఆఫీసులో చెప్పలేదు. రెండో ఉద్యోగం చేస్తున్నారని 2022లో విప్రో 300 మందిని ఇంటికి పంపిన కథ మా టీములో ఇంకా చెప్పుకుంటారు. నాది ఉద్యోగం కాదు, ఇల్లు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆఫర్ లెటర్‌లో ఆ పేజీ మాత్రం మళ్ళీ తెరవలేదు.

సంక్రాంతికి లెక్క పక్కాగా వేశాను. భోగికి కూకట్‌పల్లి కుటుంబం దిగుతుంది. ఇల్లంతా వాళ్ళదే, రాత్రికి ఎనిమిది వేలు. కనుమ పొద్దున 11కి ఖాళీ చేస్తారు. 12కి బెంగళూరు నుంచి తొమ్మండుగురు, జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడ్డానికి. మధ్యలో గంట దుప్పట్లు మార్చడానికి. కనుమకి మాకు సెలవు లేదు, అదొక్కటే లోటు.

పదకొండున్నరకి ఫోన్ చేశాను.

"వెళ్ళిపోయారా అత్తా?"

"ఎక్కడికెళ్తారు? కనుమనాడు కాకైనా కదలదు కదరా! గారెలు వేస్తున్నాను. కనుమనాడు మినుము కొరక్కుండా పంపేస్తామా ఏంటి?"

"అత్తా, 12కి బెంగళూరు వాళ్ళు..."

"వచ్చేశారు. చాపలేసి కూర్చోబెట్టాను. పాపం, కన్నడం వాళ్ళు. గారెల్లోకి నాటుకోడి పులుసంటే బాగానే తింటున్నారు."

నాకు కళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మీటింగ్ మొదలైంది. పది నిమిషాలకి మళ్ళీ ఫోను. ఈసారి కూకట్‌పల్లి ఆయన. మోటారు తిరుగుతోంది గానీ నీళ్ళు రావట్లేదట. పదిహేను మంది స్నానాలాయె, ట్యాంకు ఖాళీ. పిల్లాడు ఒంటినిండా సబ్బుతో నిలబడ్డాడట.

ప్యాంట్రీలోకి పరిగెత్తాను. "గాలి పట్టేసింది సార్. ముందు స్విచ్ ఆపండి. పైన బిరడా ఉంటుంది, విప్పండి. చెంబుతో నీళ్ళు పోయండి. బుడగలొస్తున్నాయా? ఆగేదాకా పోస్తూనే ఉండండి. ఆగాయా? గట్టిగా బిగించండి!"

తిరిగి చూస్తే వెనకాల మా మేనేజర్, చేతిలో టీ కప్పు.

"ఎవరికి?" అన్నాడు.

"మా అత్తయ్యకి సార్."

ఆయన ముఖం పాలిపోయింది. "ముందు నువ్వు ఇంటికెళ్ళు" అన్నాడు. బుడగలు ఎక్కణ్ణుంచి వచ్చాయని ఆయన అనుకున్నాడో ఇప్పటికీ అడగలేదు.

సాయంత్రం ధైర్యం చేసి డబ్బుల సంగతి ఎత్తాను.

"డబ్బులేంటిరా? ఆ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మది పాలకొల్లు. మన పెద్దబావగారి తోడల్లుడికి వాళ్ళు వరసకి అన్నదమ్ములవుతారు. చుట్టాల దగ్గర అద్దె తీసుకుంటే మీ తాత పైనుంచి చూడడూ? నువ్వు ఆన్‌లైన్లో తీసుకున్న పదహారు వేలూ ఇచ్చేశాను. పండక్కొచ్చిన ఆడపిల్ల కదా, చీర కూడా పెట్టాను."

"బెంగళూరు వాళ్ళతోనైనా చుట్టరికం లేదు కదా?"

"కనుక్కుంటున్నాను. ఆయన తాతగారు నెల్లూరోడంట."

మార్చిలో మా హెచ్‌ఆర్ అందరికీ ఒక ఫారం పంపింది. 'ఉద్యోగం కాక మీకు ఆదాయం తెచ్చే వ్యాపారం ఏదైనా ఉందా?' చీర, కోడి, మినప్పప్పు, వెనక్కిచ్చిన పదహారు వేలు అన్నీ కూడి, రెండుసార్లు సరిచూసుకుని, గుండెల మీద చెయ్యి వేసుకుని 'లేదు' అని టిక్కు పెట్టాను.

ఆ రాత్రే కూకట్‌పల్లి ఆయన ఐదు నక్షత్రాలిచ్చి రివ్యూ రాశాడు. 'సొంతింట్లో ఉన్నట్టుంది. వేసవి సెలవులకి పదిహేను రోజులు వస్తున్నాం. అత్తయ్యగారు రమ్మన్నారు.'